ఫిక్స్‌డ్ బ్లేడ్ (మడవడానికి వీల్లేని) కత్తిని తోలు ఒరలోనే ఉంచి దాచొచ్చా?

బయట తిరిగేటప్పుడు ఒరలో ఉండాల్సిందే. నెలల తరబడి దాచాలంటే మాత్రం వద్దు. తోలు గాలిలోని తేమను పీల్చుకుని అలాగే పట్టి ఉంచుతుంది. శుద్ధి చేసినప్పటి ఆమ్లాలు, లవణాలు కూడా అందులో కొంత మిగిలి ఉండొచ్చు. ఇవన్నీ బ్లేడ్‌కు ఆనుకునే ఉంటాయి.

1095 గ్రేడ్ లాంటి కార్బన్ స్టీల్‌లో క్రోమియం దాదాపు ఉండదు కాబట్టి త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అయినా దానికీ గుంటలు పడే అవకాశం ఉంది. అందుకే నా సలహా ఒకటే: బ్లేడ్‌ను బాగా తుడిచి, ఆరాక పలుచగా మినరల్ ఆయిల్ రాసి, పొడిచోట విడిగా పెట్టండి. ఒరను పక్కనే ఉంచితే చాలు. వంటనూనె మాత్రం రాయకండి, కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది. సేకరణలోని పాత కత్తులకైతే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, లోతుగా దిగిన తుప్పు మచ్చ పోవాలంటే లోహాన్నే అరగదీయాలి.