చెట్లంటే ప్రాణం, వరదల మీద ఉద్యోగం: ఏ కోర్సు?

ప్రశ్న: నగరాల్లో నది ఒడ్డున చెట్లు పెంచితే వరదలు తగ్గుతాయని, ఆ రంగంలోనే పనిచేస్తానని మా అమ్మాయి పట్టుబడుతోంది. తెలిసిన ఇంజనీరేమో ఆ చెట్ల వల్లే నీళ్లు ఎగదన్ని ఇళ్లలోకి వస్తాయంటున్నారు. బోటనీలో చేర్చాలా, సివిల్ ఇంజనీరింగ్‌లోనా? ఉద్యోగాలుంటాయా? – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి చెప్పిందీ నిజమే, ఆ ఇంజనీరు చెప్పిందీ నిజమే. ఏ చోట ఎవరి మాట చెల్లుతుందో లెక్కగట్టి చెప్పడమే ఈ రంగంలో అసలు పని.

నది అడుగు, గట్లు ఎంత గరుకుగా ఉంటే నీరు అంత నెమ్మదిస్తుంది. ఈ గరుకుదనాన్ని మానింగ్ గుణకం అనే అంకెతో చెబుతారు. నున్నటి కాంక్రీటు కాలువకు అది దాదాపు 0.015, శుభ్రంగా తిన్నగా ఉన్న సహజ కాలువకు 0.03. చెట్లు దట్టంగా పెరిగిన వరద మైదానంలో 0.1 కూడా దాటొచ్చు. వెడల్పాటి నదిలో ఈ అంకె రెట్టింపైతే, అంతే ప్రవాహానికి లోతు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. అంటే రెండు మీటర్ల నీరు మూడు మీటర్లకు చేరుతుంది. రెండు వైపులా ఇళ్లున్న ఇరుకు చోట ఆ ఒక్క మీటరే కొంప ముంచుతుంది.

అవే చెట్లు నగరానికి ఎగువన, నీరు పరుచుకునే ఖాళీ ఉన్నచోట ఉంటే వరదను కాసేపు నిలబెట్టి, దిగువకు వచ్చే ఉధృతిని తగ్గిస్తాయి. అక్కడా ఓ చిక్కుంది. అలా ఆలస్యమైన నీరు, మరో ఉపనది వరద ఒకేసారి నగరానికి చేరితే మొదటికే మోసం!

మొక్కల రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. రెల్లులాంటివి ఉధృతికి వంగి నీటికి దారిస్తాయి, గట్టి మాను వంగదు. వేళ్లు గట్టును పట్టి ఉంచుతాయి, కానీ కొట్టుకొచ్చిన దుంగలు వంతెన ఖానాలకు అడ్డుపడతాయి. బోటనీ పనికొచ్చేది ఇక్కడే.

అయినా నా ఓటు సివిల్‌కే. ఆ తర్వాత పీజీలో హైడ్రాలిక్స్ లేదా జలవనరులు తీసుకుని, పక్కన ఎకాలజీ చదవొచ్చు. మొక్కల గురించి తర్వాతైనా నేర్చుకోవచ్చు, ప్రవాహాల గణితాన్ని ఆలస్యంగా మొదలుపెట్టడం కష్టం. లెక్కలంటే టెన్షన్ పడే పిల్లయితే మాత్రం బలవంతం వద్దు. పర్యావరణ శాస్త్రంతో పాటు జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపులతో భౌగోళిక సమాచారాన్ని విశ్లేషించే విద్య) గానీ, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ (పార్కుల్లాంటి ఆరుబయట స్థలాల డిజైన్) గానీ చదివించండి. సింగపూర్‌లోని బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను 2012 నాటికి వంపులు తిరిగే, ఒడ్డున మొక్కలున్న నదిగా మార్చారు. ఇంజనీర్లతో కలిసి దాన్ని డిజైన్ చేసింది ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులే.

‘నదీతీర వృక్ష నిపుణులు కావలెను’ అనే ప్రకటన కోసం ఎదురుచూడకండి. నగరపాలక సంస్థలు, జలవనరుల శాఖలు, కన్సల్టెన్సీలు, బీమా కంపెనీలు వరద మోడలింగ్, డ్రైనేజీ పేర్లతో తీసుకుంటాయి. మొదటి కొన్నేళ్లు చెట్ల కంటే మురుగు కాలువలే ఎక్కువగా చూడాల్సి రావచ్చు. ఆ మాట అమ్మాయికి ముందే చెప్పండి.

కోర్సు ఖాయం చేసేముందు నదుల్లో నీటి ప్రవాహాన్ని, మట్టాన్ని లెక్కగట్టే హెక్-రాస్ (HEC-RAS) అనే సాఫ్ట్‌వేర్ దించుకోమనండి. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం తయారుచేసింది, ఉచితం. అందులో ఒక నమూనా నదిని తీసుకుని, గరుకుదనం అంకె మారుస్తూ నీటిమట్టం చూడాలి. మట్టం ఎందుకు పెరిగిందో తేల్చుకునేదాకా వదలకపోతే సివిల్‌లో చేర్చండి. గంటకే బోర్ కొడితే రెండో దారి పట్టించండి.