కారు పంటు ఎక్కితే రోడ్డు రికార్డు చెల్లదా?

అడిగినది: "రాజోలు నుంచి ఆస్ట్రేలియా దాకా కారులో వెళ్తే మధ్యలో ఓడ ఎక్కించాలి కదా, అప్పుడు రోడ్డు రికార్డు అవుతుందా?"

అవుతుందండి. నర్సాపురంలో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కిన కారు సఖినేటిపల్లి రేవులో దిగితే కిలోమీటర్ల మీటరు కదలదు, గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ గడియారాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ముందే రాసుకోవాలి. తగాదాలన్నీ అక్కడే.

1968 లండన్–సిడ్నీ మారథాన్ అనే కార్ల పోటీలో 98 కార్లు బయల్దేరాయి. బొంబాయి చేరినవాటిని అక్కడి నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌కు ఓడలోనే తీసుకెళ్లారు. పెనాల్టీ రోడ్డు మీది ఆలస్యానికే. హిల్‌మన్ హంటర్‌తో ఆండ్రూ కోవన్ గెలిచాడు. 1989లో కలకత్తా దంపతులు సలూ, నీనా చౌదరి కాంటెస్సాలో ఆరు ఖండాలు చుట్టి, ఢిల్లీ నుంచి ఢిల్లీకి 69 రోజుల 19 గంటల 5 నిమిషాల్లో వచ్చారు. ఆ రికార్డుకు షరతు, రోడ్డు మీద భూమధ్యరేఖ పొడవు (40,075 కి.మీ.) దాటాలని.

ఓడ వద్దని మొండికేస్తే ఏమవుతుందో 1972లో డేరియన్ అడవి చూపించింది. పనామా, కొలంబియాల మధ్య రోడ్డే లేదు. బ్రిటిష్ బృందం రేంజ్ రోవర్లకు బురద కోసం పెద్ద టైర్లు బిగించింది. ఆ బరువుకు డిఫరెన్షియళ్లు (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెలు) పగిలాయి. టైరు సైజు పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. 1907 పెకింగ్–పారిస్ పోటీలో ఇటాలా కారు చెక్క చక్రం విరిగితే రష్యా పల్లెలో వడ్రంగి చక్రం ఆకులు (స్పోకులు) కొత్తగా చెక్కి బిగించాడు. డిఫరెన్షియల్‌కు అంత సులువు లేదు.

ఇక కాగితాలు. కారును సుంకం కట్టకుండా తాత్కాలికంగా వేరే దేశంలోకి తీసుకెళ్లనిచ్చే కస్టమ్స్ పత్రం కార్నే. ఆ పుస్తకంలో ఒక్కో పేజీకి మూడు ముక్కలు: ప్రవేశానిది కస్టమ్స్ చింపుకుంటుంది, నిష్క్రమణది వెళ్లేటప్పుడు చింపుతారు, మొదలు (కౌంటర్‌ఫాయిల్) మీ దగ్గర ఉంటుంది. మొదలు మీద రెండు ముద్రలూ పడాలి. రాత్రిపూట తొందరలో నిష్క్రమణ ముద్ర వదిలేస్తే, కారును అక్కడే అమ్మేసినట్టు లెక్కగట్టి డ్యూటీ మీ పూచీకత్తు నుంచి రాబడతారు. కార్నేలో ఇంజిన్ నంబరుకు ఆర్‌సీతో ఒక్క అక్షరం తేడా ఉన్నా గేటు దగ్గరే ఆపుతారు.

సాక్ష్యానికి ప్రతి సరిహద్దులో మీటరు ఫోటో, పెట్రోలు బిల్లు, గ్రీన్‌విచ్ సమయం రాయండి. స్థానిక సమయం రాస్తే తర్వాత కూడికలో గంటలు మాయమవుతాయి.

కారును ఓడలో పంపే కంటైనర్ (ఇనుప పెట్టె) తలుపు ఎత్తు మామూలు దానికి 2.28 మీటర్లు. రూఫ్ కారియర్ బిగించాక, టైర్లలో గాలి నిండుగా ఉంచి కొలవండి.