మాల తీసిన మర్నాడే మళ్లీ మొదలు... ఊరు మారితే మానేస్తానా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కోస్తాలో ఓ చిన్న టౌన్‌లో ఉంటాం. ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని నాది. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పాప అయిదో తరగతి. ఏడెనిమిదేళ్లుగా సాయంత్రం మందు అలవాటైంది. మొదట్లో క్వార్టర్‌తో సరిపోయేది, ఇప్పుడు హాఫ్ దాకా వెళ్తోంది. పోయిన ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మొదటి రెండు రోజులు చేతులు వణికాయి, ఆ తర్వాత మందు గుర్తుకే రాలేదు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక, మర్నాడు సాయంత్రమే ఫ్రెండ్స్‌తో కూర్చున్నాను. నాకు విల్‌పవర్ లేదని అర్థమైపోయింది. ఈ ఊళ్లో ఉంటే బాగుపడనని, ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోదామంటున్నాను. అక్కడ మా బావమరిది క్యాబ్ నడుపుతాడు, నలుగురితో కలిసి రూమ్‌లో ఉంటాడు. ముందు నేను వెళ్లి, సెటిలయ్యాక వీళ్లని తీసుకెళ్తాను. పాపకి టీసీ కూడా అడుగుదామనుకుంటున్నాను. మా ఆవిడేమో ‘ఊరు మారితే ఏమొస్తుంది, మీ తాగుడు మీతోపాటే బస్సెక్కుతుంది’ అంటోంది. తాగుడు మాన్పించే పొడి ఏదో ఉందట, కూరలో కలుపుతానని వాళ్లమ్మతో అంటుంటే విన్నాను. చోటు మారితే మనిషి మారడా? మళ్లీ మాల వేసుకోమంటారా?

జవాబు: ముందు ఆ పొడి సంగతి తేల్చేయాలి. ఈ పేరా మీ ఆవిడకూ అత్తగారికీ చదివి వినిపించండి. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడేవాటిలో డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. అందుకే పరీక్షలు చేసి, మనిషికి అన్నీ చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. తెలియకుండా కూరలో కలిపిన రోజు మీరు హాఫ్ కొట్టి వస్తే ప్రాణం మీదకే రావచ్చు. సంతలోనో ఆన్‌లైన్‌లోనో అమ్మే పొట్లాల్లోనైతే అసలేం కలిపారో కూడా తెలియదు. ఆవిడ మీద మాత్రం కోప్పడకండి. అంతదాకా ఆలోచించారంటే ఎంత విసిగిపోయి ఉంటారో చూడండి.

రెండోది కూడా డాక్టర్ సంగతే. ఈసారి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. క్వార్టర్, హాఫ్ మధ్య ఉన్న రోజుల్లోనే చేతులు వణికాయంటే ఒళ్లు అలవాటు పడిపోయిందన్నమాట. ఇప్పుడు మోతాదు పెరిగింది. రోజూ తాగేవాళ్లు హఠాత్తుగా మానేస్తే కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపించడం, ఎక్కడున్నామో తెలియకపోవడం కూడా ఉంటుంది. అది ఆసుపత్రిలో చూసుకోవాల్సిన విషయం. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. వణుకు రాకుండా కొన్ని రోజులు మాత్రలిస్తారు, తాగాలన్న యావ తగ్గించే మందులు కూడా ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సర్వీసు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఇక అసలు విషయానికొస్తాను. ‘మందు గుర్తుకే రాలేదు’ అని రాశారు. విల్‌పవర్ మీద నెట్టుకొచ్చేవాళ్లు ఇలా రాయరు. వాళ్లకు గంటగంటకూ గుర్తొస్తుంది, పళ్లు బిగబట్టి రోజులు లెక్కపెట్టుకుంటారు. మీకు ఆ బాధే లేకపోయింది. ఎందుకని?

దీక్షలో మీ సాయంత్రాలు ఎలా గడిచాయో చూడండి. పని ముగించుకుని తిన్నగా ఇంటికి, చన్నీళ్ల స్నానం. తర్వాత సన్నిధానంలో పూజ, లేదంటే ఎవరో ఒక స్వామి ఇంట్లో పడిపూజ, భజన. అది అయ్యేసరికి అల్పాహారం వేళ. ఆపైన చాప మీద పడక, తెల్లవారుజామున మళ్లీ లేవాలి. మామూలు రోజుల్లో మీరు వైన్స్ దగ్గర గడిపే రెండు గంటలూ అప్పుడు ఖాళీగా లేవు. ఒంటి మీద నల్ల బట్టలు, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ వేషంలో కౌంటర్ ముందు నిలబడితే అమ్మే కుర్రాడే ‘ఏంటి స్వామీ ఇది’ అంటాడు. మీ ఫ్రెండ్స్ రమ్మని అడగలేదు, అడగలేదు కనుక మీరు వద్దనాల్సిన పనీ పడలేదు. మొన్నటిదాకా ‘ఏరా’ అన్నవాళ్లు ‘స్వామీ’ అన్నారు. మీకంటే పెద్దవాళ్లు మీ కాళ్లకు దణ్ణం పెట్టారు. ఇంట్లో కూడా మీరు గుమ్మంలోకి రాగానే నోరు వాసన చూసే పని మీ ఆవిడకు తప్పింది.

ఇదంతా చెప్పి మీ భక్తిని తక్కువ చేయడం లేదు. ఆ భక్తికి ఓ టైమ్‌టేబుల్, ఓ వేషం, ఓ గుంపు, ఓ పిలుపు తోడయ్యాయి అంటున్నాను. మాల విరమణతో అవన్నీ ఒక్క పూటలో పోయాయి. మర్నాడు మీరు ప్యాంటు షర్టు వేసుకుని, బైకు తీసి, చీకటి పడే వేళకి పాత రోడ్డు మీదే వచ్చారు. బండి ఏడెనిమిదేళ్లుగా ఎక్కడ ఆగుతోందో అక్కడే ఆగింది. దానికి మీరు మీ మీదే కేసు పెట్టుకుని, శిక్ష కూడా వేసేసుకున్నారు.

చోటు మారితే మనిషి మారడా అంటే, మారిన సందర్భాలు ఉన్నాయి. 1970ల మొదట్లో వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల్లో దాదాపు అయిదో వంతు మంది అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యారని తేలింది. వీళ్లంతా తిరిగొస్తే ఏమైపోతుందోనని ప్రభుత్వం హడలిపోయి, మూత్ర పరీక్ష పెట్టి, మత్తు లేదని తేలాకే విమానం ఎక్కించింది. తర్వాత లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్ల ఆచూకీ తీసి, ఇళ్లకు మనుషులను పంపి మాట్లాడించారు. వియత్నాంలో బానిసలైనవాళ్లలో మొదటి ఏడాది మళ్లీ ఆ గతి పట్టినవాళ్లు నూటికి అయిదుగురే. మూడేళ్ల తర్వాత లెక్క తీసినా పన్నెండు మంది. అదే రోజుల్లో అమెరికాలోనే అలవాటై, ఆసుపత్రిలో మానేసి, మళ్లీ పాత వీధికే వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి మొదలుపెట్టేవారు.

మీరు ఇది చదివి బ్యాగు సర్దేయకండి. ఆ సైనికులు వెళ్లింది ఇంటికి. భార్యాబిడ్డలు, అమ్మానాన్నలు, తెలిసిన పని, తెలిసిన మనుషులు ఉన్న చోటికి. హెరాయిన్ వియత్నాంలోలా చేతికందేది కాదు, పక్కన కూర్చుని తీసుకునే తోడూ లేదు. మీరు వెళ్దామనుకుంటున్నది సరిగ్గా దానికి తిరగేసిన చోటుకి. నలుగురు మగాళ్లుండే రూమ్, చేతిలో ఇంకా పని లేదు, అడిగేవాళ్లు లేరు, ఆదివారం మధ్యాహ్నం ఏం చేయాలో తెలియదు. హైదరాబాద్‌లో వైన్స్ పక్కనే పర్మిట్ రూమ్ ఉంటుంది, ముందు ఆమ్లెట్ బండి ఉంటుంది. మీ టౌన్‌లో ఉన్న సరంజామా అంతా అక్కడా ఉంది. లేనిదల్లా మీ ఆవిడ, మీ పాప.

అమెరికాలోనే వెండీ వుడ్ అనే సైకాలజిస్టు, మరో ఇద్దరు కలిసి కాలేజీ మారిన విద్యార్థుల అలవాట్లను గమనించి 2005లో ఓ పరిశోధన ప్రచురించారు. వ్యాయామం, పేపరు చదవడం, టీవీ చూడటం లాంటివి. కొత్త కాలేజీలోనూ ఆ పని చేసే సందర్భం పాతదాన్నే పోలి ఉంటే అలవాటు నిలిచింది. సందర్భం మారితే గట్టి అలవాటు కూడా సడలింది. ఇందులో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. సడలినవాటిలో మంచి అలవాట్లూ ఉన్నాయి. కాబట్టి మీరనుకున్నట్టే హైదరాబాద్ వెళ్తే మీ ఆవిడ మాటే నిజమవుతుంది, తాగుడు మీతోపాటే బస్సెక్కుతుంది. ఇంట్లో మిగిలిన ఒకటీ అరా మంచి మాత్రం ఇక్కడే దిగిపోతుంది. కానీ ఆవిడతోనూ నేను పూర్తిగా ఏకీభవించను. మీ తాగుడంతా మీలోనే లేదు. చాలా భాగం ఆఫీసుకీ ఇంటికీ మధ్య రోడ్డు మీద ఉంది.

ఆ రోడ్డు గురించి మాట్లాడదాం. ఓ కాగితం తీసుకుని ఆఫీసు నుంచి ఇంటిదాకా గీయండి. ఎక్కడ బండి స్లో చేస్తారు, ఏ సెంటర్‌లో ఫోన్ మోగుతుంది, ఎవరు చేస్తారు, ఆ టైమ్‌కి జేబులో ఎంత ఉంటుంది అన్నీ రాయండి. మేనేజర్‌ని అడిగి లైన్ మార్పించుకోండి. సాయంత్రం ఆఖరి వసూళ్లు వైన్స్ వైపు కాకుండా ఊరికి ఇంకో చివర ఉండేలా చూసుకోండి. కలెక్షన్ మనుషులు లైన్లు మార్చుకోవడం మామూలే కదా, కారణం ఏదో ఒకటి చెప్పొచ్చు. ఇంటికి రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే, వేరే దారిలో రండి. కడుపు కాలుతూ బండెక్కకండి. ఆఫీసు దగ్గరే రెండు ఇడ్లీలో, అరటిపళ్లో తినేసి బయల్దేరండి. ఆకలి మీద ఉన్నప్పుడు మిక్చర్ పొట్లం, చల్లటి గ్లాసు గుర్తొచ్చినంత గట్టిగా కడుపు నిండాక గుర్తురావు.

తర్వాత ఆ రెండు గంటలు. ఎవరో ఒకరు మీ కోసం ఎదురుచూసే పని ఏదైనా ఆ వేళకి పెట్టుకోవాలి. పాప ట్యూషన్‌కి వెళ్తుంటే తీసుకొచ్చే డ్యూటీ మీరు తీసుకోండి. బండి మీద పాప ఉంటే వైన్స్ ముందు ఆగరు. అయితే ఒక షరతు. పాపను కాపలా పెట్టకండి, ‘నాన్న తాగకుండా నువ్వే చూసుకోవాలి’ అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. అయిదో తరగతి పిల్ల మోయాల్సిన బరువు కాదది. ఎప్పుడైనా తాగేశారనుకోండి, ఆ రోజు బండి తీయకుండా మీ ఆవిడకు ఫోన్ చేసి పాపను తెచ్చుకోమనండి. ఆవిడ తిడితే తిడతారు.

పూజలు, భజనల చోటును ఏం నింపుతుంది? ఆల్కహాలిక్స్ అనానిమస్ పేరుతో, తాగుడు మానుకున్నవాళ్లు, మానుకోవాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే బృందాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన పద్ధతి. ఫీజు ఉండదు, పేర్లు బయటపెట్టరు. మీ టౌన్‌లో లేకపోతే దగ్గరి ఊళ్లోనో ఫోన్‌లోనో దొరుకుతుంది. నచ్చకపోతే షటిల్ కోర్టో, గుళ్లో భజనో, ఏదైనా సరే. ఇంట్లో టీవీ ముందు కూర్చోవడం మాత్రం ఇందులోకి రాదు.

ఫ్రెండ్స్ సంగతి మీరు అడగలేదు, కానీ అందరూ తడబడేది అక్కడే. ‘ఆ గ్యాంగ్‌ని వదిలెయ్’ అని సలహా ఇవ్వడం తేలిక. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అర్ధరాత్రి ఆటో తెచ్చేది, డబ్బు సర్దేది కూడా చాలాసార్లు ఆ గ్యాంగే. వాళ్లను వదులుకోనక్కర్లేదు. కలిసే వేళ మార్చండి. పొద్దున టీ కొట్టు దగ్గర కలవండి, పండక్కి ఇంటికి భోజనానికి పిలవండి. సాయంత్రం ఆరు దాటాక ఆ వాట్సాప్ గ్రూప్ మ్యూట్‌లో ఉండాలి. మాల ఉన్నప్పుడు మెడలో గుర్తు ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు, ఇప్పుడు నోటితో చెప్పాలి. ‘డాక్టర్ దగ్గర మాత్రలు వాడుతున్నాను, పైన చుక్క పడ్డా ఆసుపత్రే’ అని ఒక్కసారి అందరికీ ఒకేలా చెప్పేయండి. అందులో ఎవడో ఒకడు ‘నాకూ ఆ డాక్టర్ నంబరివ్వు’ అని పక్కకు పిలిచి అడగొచ్చు. అలా అడిగినవాడు దొరికితే సగం పని తేలికవుతుంది.

ఇంట్లో చేయాల్సింది కొంచెమే. మేడ మీద మీరు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ, గ్లాసులు, దాచిన సీసాలు ఉంటే తీసేయండి. జీతం, ఇన్సెంటివ్ మీ ఆవిడ అకౌంట్‌కి వెళ్లేలా చూడండి, మీ ఫోన్‌పేలో పెట్రోలుకి, టీకి సరిపడా ఉంటే చాలు. ఆవిడకు కూడా ఓ మాట. గుమ్మంలోనే వాసన చూడటం ఆపండి. ఆయన మొదట చేయాల్సింది టైమ్‌కి ఇంటికి రావడం, వచ్చిన రోజు పోలీసు ప్రశ్నలు ఎదురైతే రేపు రావాలనిపించదు.

మళ్లీ మాల వేసుకోవాలా అన్నారు. భక్తి ఉంటే తప్పకుండా వేసుకోండి, తాగుడుకి మందుగా అయితే వద్దు. వేసుకోవాలనుకుంటే ఈలోపే డాక్టర్ని చూసి రండి. మాల తీసే రోజు సాయంత్రం ఎక్కడుంటారు, ఎవరితో ఉంటారు, ఏ దారిలో వెళ్తారు అన్నది మాల వేసుకునే రోజే రాసి పెట్టుకోండి.

హైదరాబాద్ ఆలోచన పూర్తిగా మానుకోమనను. ఆరు నెలలు ఇక్కడ ఈ పద్ధతిలో నడిచాక కూడా ఊరు మారాలనిపిస్తే మారండి. అప్పటికి చేతిలో ఉద్యోగం ఉండాలి, మీ కంపెనీలోనే ఇంకో బ్రాంచికి ట్రాన్స్‌ఫరైతే మరీ మంచిది. వెళ్తే ముగ్గురూ ఒకేసారి వెళ్లాలి. ఇల్లు చూసేటప్పుడు సాయంత్రం ఆరున్నరకి వెళ్లి ఆ వీధి చూసి రండి, పగలు చూస్తే తెలియదు. పాప టీసీ ఇప్పుడే అడగొద్దు.