కొనకముందే అమ్మినట్టు చూపిస్తున్న లెక్క

ప్రశ్న: కొన్నేళ్లుగా బిట్‌కాయిన్ కొద్దికొద్దిగా కొంటూ, మధ్యలో కొంత అమ్మాను. ముందు కొన్నది ముందు అమ్మినట్టు లాభం లెక్క కడదామని, నా కంప్యూటర్లో నడిచే నోడ్ (బిట్‌కాయిన్ లావాదేవీలను సరిచూసి దాచుకునే సాఫ్ట్‌వేర్) ఫైళ్ల నుంచి స్క్రిప్టుతో డేటా తీశాను. వరుస తప్పింది. కొన్నిచోట్ల కొనకముందే అమ్మినట్టు వస్తోంది. ఎలా సరిచేయాలి?

జవాబు: ఆ ఫైళ్లలో బ్లాకులు (లావాదేవీల కట్టలు) గొలుసు వరుసలో, అంటే ఒకదానికొకటి ముడిపడిన వరుసలో, ఉండవు. మీ నోడ్‌కు ఏది ముందు అందితే అది ముందు చేరుతుంది. గొలుసులో చోటు దక్కని బ్లాకులూ వాటిలోనే పడి ఉండొచ్చు. పోనీ తేదీని బట్టి పేర్చుదామా అంటే అదీ కుదరదు. బ్లాకు మీద సమయం వేసేది దాన్ని తయారుచేసే మైనర్. అది వెనకటి 11 బ్లాకుల మధ్యస్థ సమయాన్ని దాటి, ఇప్పటి సమయానికి రెండు గంటలకు మించి ముందుకు పోకుంటే చాలు, నోడ్లు ఒప్పుకుంటాయి. అందుకే తర్వాతి బ్లాకుకు ముందటి సమయం పడుతుంటుంది. నమ్మాల్సింది బ్లాక్ హైట్‌ను, అంటే గొలుసులో బ్లాకు వరుస సంఖ్యను. 2009 జనవరి 3 నాటి తొలి బ్లాకు హైట్ సున్నా. ఒకే బ్లాకులో మీవి రెండు లావాదేవీలుంటే, అందులో వాటి స్థానం చూడండి.

నోడ్ సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ సోర్సు కోడ్‌లో లీనియరైజ్ అనే స్క్రిప్టులున్నాయి. ఒకటి హైట్ వరుసలో హాష్‌ల (బ్లాకుల గుర్తింపు కోడ్‌ల) జాబితా ఇస్తుంది, రెండోది ఆ జాబితా ప్రకారం బ్లాకులను పేర్చి రాస్తుంది. పాత బ్లాకులు చెరిపేసే ప్రూన్డ్ నోడ్‌తో ఈ పని జరగదు. అయినా మీ పద్దు కోసం మొత్తం గొలుసును తీయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. మీ వాలెట్ ఆ నోడ్‌లోనే ఉంటే, లిస్ట్‌ట్రాన్సాక్షన్స్ కమాండ్ మీ లావాదేవీలను హైట్, స్థానంతో సహా ఇచ్చేస్తుంది.

వరుస కుదిరినా లాభం తేలదు. గొలుసులో ఉండేది కదలికే, కొనుగోలు కాదు. ఎక్స్ఛేంజీలో జనవరిలో కొని జూన్‌లో వాలెట్‌కు తెచ్చుకుంటే గొలుసు జూన్ అంటుంది. ఈలోగా ఎక్స్ఛేంజీలోనే కొంత అమ్మి ఉంటే, కొనకముందే అమ్మినట్టు కనిపించక ఏమవుతుంది? కొన్న ధర గొలుసులో అసలే ఉండదు. పైగా 1 కాయిన్‌లో 0.2 పంపితే, ఫీజు పోగా మిగతాది మీ మరో అడ్రసుకే చిల్లరగా తిరిగొస్తుంది. స్క్రిప్టు దాన్ని కొత్త కొనుగోలుగా లెక్కేసిందేమో చూడండి. మొత్తాలను దశాంశాల్లో కాక సతోషీల్లో ఉంచుకోండి (కాయిన్‌కు 10 కోట్లు).

కాబట్టి కొన్న తేదీ, ధర ఎక్స్ఛేంజీ స్టేట్‌మెంటు నుంచే తీసుకోండి. గొలుసు డేటాతో వాలెట్ కదలికలను సరిచూసుకోండి, అంతే. ఖాతా మూతపడితే స్టేట్‌మెంట్లు దొరకడం కష్టం, ఇవాళే దించుకోండి. ఈ పనికి సీడ్ పదాలు (వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాలు) అక్కర్లేదు. ఏ స్క్రిప్టయినా అడిగితే అక్కడే ఆపేయండి.