ఇంగ్లీషు వాడకంలో మీకు బాగా చిరాకు తెప్పించే తప్పు ఏది?

దుకాణాల బోర్డుల మీది ‘స్టేషనరీ’. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా వెళ్తూ చూడండి, చివరి ‘ఆర్’కు ముందు ‘ఇ’ (e) ఉండాల్సిన చోట ‘ఎ’ (a) కనిపిస్తుంది. ‘ఎ’తో రాస్తే కదలకుండా నిలిచి ఉన్నదని అర్థం. కాగితాలు, కలాలు అమ్మేవారికి కావలసింది ‘ఇ’. పలకడం ఒకటే కాబట్టి చెవికి తేడా తెలియదు. నిజానికి రెండింటి మూలమూ ఒకటే. మధ్యయుగపు ఇంగ్లండులో ఊరూరా తిరగకుండా ఒకేచోట కొట్టు పెట్టుకున్న పుస్తక వర్తకుణ్ణి ‘స్టేషనర్’ అనేవారు. ఆ మాటలోని ‘ఇ’యే ఇక్కడికీ వచ్చింది.

‘డిస్కస్ అబౌట్’ కూడా నాకు గిట్టదు, ఇంగ్లీషులో ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ అక్కర్లేదు. కానీ తెలుగులో ఒక విషయం ‘గురించి’ చర్చిస్తాం కనుక ‘అబౌట్’ దానంతటదే వచ్చి చేరుతుంది, నోరుజారిన మాటను క్షమించవచ్చు. బోర్డు డబ్బిచ్చి రాయించేది. నోటుపుస్తకం కొనడానికి వచ్చిన బడిపిల్లలు ఆ తప్పునే నేర్చుకుని వెళ్తున్నారు.