డర్బన్ ఓడ జాబితాలో ముత్తాత పేరు దొరకకపోతే

నమస్తే అండీ. మీ ముత్తాత గారు మద్రాసులో ఓడెక్కి డర్బన్ వెళ్లారని తెలిసినా, ఇంటిపేరుతో ఎంత వెతికినా జాబితాలో దొరకడం లేదన్నారు. చిక్కంతా ఆ ఇంటిపేరు దగ్గరే ఉంది. 1860 నుంచి 1911 దాకా నేటాల్ (దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం) వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. ఇంటిపేరు చాలామందికి రాయలేదు.

ముందు ఆయన కలోనియల్ నంబర్ పట్టుకోండి. ప్రతి కూలీకీ గుర్తింపు కోసం ఇలాంటి నంబర్ ఒకటి ఇచ్చారు. అక్కడ పుట్టిన పిల్లల జనన, పెళ్లి పత్రాల మీద కూడా అది కనిపిస్తుంటుంది. డర్బన్ బంధువుల దగ్గర పాత కాగితం ఏదున్నా ఫోన్‌తో స్కాన్ చేసి పంపమనండి. కాంట్రాస్ట్ పెంచి చూడండి, వెలిసిపోయిన సిరాలో 3, 8 ఒకేలా ఉంటాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి నేటాల్ రికార్డులూ చూడండి.

నంబర్ దొరక్కపోతే పేరును గుమాస్తా చెవికి వినపడినట్టు రాసి వెతకాలి. వెంకటస్వామి ‘వెంగడసామి’ అయిపోతాడు, విశాఖపట్నం ‘విజగపటం’ అవుతుంది. పేరు కలిసింది కదా అని ఆగిపోకండి, వెంకటస్వాములు బోలెడుమంది. తండ్రి పేరు, ఊరు రెండూ కలవాలి. ఊరి పేరు అర్థం కాకపోతే ఆ వరుస ఫొటో ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.