స్తంభం సీట్లని లోపలివాళ్లందరికీ తెలుసు

"నాలుగు రోజుల కింద ఒక లైవ్ కాన్సర్ట్‌కి వెళ్లాం. సీటు ముందు స్తంభం, ఒక్క మాటా అర్థం కాని సౌండ్, గంటన్నర ఆలస్యం. హాలువాళ్లని అడిగితే టికెట్ అమ్మినవాళ్లని అడగమన్నారు, వాళ్లేమో నిర్వాహకుల్ని అడగమన్నారు. మీకెవరికైనా ఇలా జరిగిందా? డబ్బు వెనక్కి వస్తుందా?" అని మీరు రాసి అడిగారు.

నాకు జరిగింది, మూడుసార్లు. రెండుసార్లు ఏమీ సాధించకుండా ఇంటికొచ్చాను, ఒక్కసారి అడగాల్సినవాళ్లని అక్కడికక్కడే అడిగాను. డబ్బు సంగతి తర్వాత చెప్తాను, ముందు సీటు సంగతి.

మా నాన్నకి వయొలిన్ అంటే ప్రాణం. ఆయన పుట్టినరోజుకని బాల్కనీ ఉన్న ఒక పెద్ద హాల్లో కచేరీకి రెండు టికెట్లు తీసుకున్నాను. బుకింగ్ పేజీలో సీట్ల పటం చూస్తే అన్నీ ఒకే రంగు గడులు. కింది అంతస్తు, వెనక నుంచి నాలుగో వరుస, ఇంచుమించు మధ్యలో. మంచివే దొరికాయనుకున్నాను. వెళ్లి కూర్చుంటే ఎదురుగా రెండు చేతులూ చాచి పట్టుకున్నా అందనంత లావు స్తంభం. సరిగ్గా ముక్కు ముందే ఉండుంటే అప్పుడే గొడవపడేదాన్నేమో. కాస్త పక్కకి ఉంది, దాంతో సర్దుకోవచ్చులే అనిపించింది. వేదికలో కుడి సగం కనిపిస్తోంది, ఎడమ సగం లేదు. వయొలిన్ ఆయన వచ్చి కూర్చున్నది ఎడమవైపు.

మొదటి పావుగంట నాన్న కుర్చీ చేతి మీద బరువంతా వేసి, మెడ సాచి చూశారు. స్తంభం అంచు దాటి కమాను కొస మాత్రం వస్తూ పోతూ కనిపించేది. "కమాను కనబడుతోందమ్మా, చాలు" అన్నారు నాతో. నేను బాధపడతానని అన్న మాట అది. ఆ తర్వాత వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

వినికిడి అయినా బాగుందా అంటే అదీ లేదు. వయొలిన్ ఎవరో దుప్పటి కప్పి వాయిస్తున్నట్టు ఉంది, మృదంగం మాత్రం గుబగుబలాడుతోంది. మా బావ సౌండ్ పని చేస్తాడు. తర్వాత ఆయనకి చెప్తే నవ్వి, "బాల్కనీ కింద కూర్చున్నారా?" అని అడిగాడు. పెద్ద స్పీకర్లు వేదిక పైన ఎత్తులో వేలాడుతుంటాయి కదా, అక్కడినుంచి వచ్చే శబ్దానికి బాల్కనీ నేల అడ్డు. బరువైన శబ్దాలు ఒంపు తిరిగి లోపలికి వచ్చేస్తాయి. సన్నటి, పదునైన శబ్దాలు తిన్నగా వెళ్లే రకం, అవి అక్కడే ఆగిపోతాయి. మాటలో హల్లులు, తీగ మీద కమాను గీరిన చప్పుడు, ఇవన్నీ ఆ సన్నటి వాటిలోనే ఉంటాయి. అందుకే పాట వినపడుతుంది గానీ మాట అర్థం కాదు. మీరు రాసింది కూడా ఇదే అనుకుంటా.

దీనికి మందు లేదా అంటే ఉంది. బాల్కనీ కింది కప్పుకి చిన్న స్పీకర్లు బిగిస్తారు. వాటిని కొంచెం ఆలస్యంగా మోగేలా సెట్ చేయాలట. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే వేదిక నుంచి 34 మీటర్ల దూరం రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. తల మీది స్పీకర్ ఆ పదో వంతు ఆగకుండా మోగిందంటే ప్రతి మాటా రెండుసార్లు వినపడినట్టు ఉంటుంది. మేము కూర్చున్న చోట అలాంటి చిన్న పెట్టెలు రెండు ఉన్నాయి. ఇంటర్వెల్‌కి కాస్త ముందు లేచి చెవి పెట్టి మరీ విన్నాను, రెండూ మోగడం లేదు.

ఇంటర్వెల్ కాగానే సీట్లు చూపించే కుర్రాడిని పిలిచి చెప్పాను. అతను ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆ నాలుగూ స్తంభం సీట్లు మేడమ్. ఎప్పుడూ కంప్లయింటే" అన్నాడు. నాకు అసలు కోపం వచ్చింది అక్కడ. ఆ సీట్లకి వాళ్లలో వాళ్లు ఒక పేరు కూడా పెట్టుకున్నారు. సీటు చూపించేవాడికి తెలుసు, టికెట్ కౌంటర్లో తెలుసు, సౌండ్ వాళ్లకి తెలుసు. తెలియనిది డబ్బు కట్టిన నాకు ఒక్కదానికే. కొన్ని హాళ్లలో ఇలాంటి సీట్లని 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' అని టికెట్ మీదే ముద్రించి తక్కువకి అమ్ముతారు. అది నిజాయితీ గల పద్ధతి. ఇష్టమైతే కొంటాం, లేకపోతే లేదు. మాకు పూర్తి ధరకి అమ్మారు.

పదిరోజుల తర్వాత తీరిగ్గా మెయిల్ రాశాను. మీరు కార్యక్రమం చివరిదాకా ఉన్నారు కాబట్టి డబ్బు వాపసు కుదరదని రెండు లైన్ల జవాబు. నిజం చెప్పాలంటే అందులో వాళ్ల వాదనకీ కొంత బలం ఉంది. ఇంటర్వెల్‌లో ఆ కుర్రాడి దగ్గరే ఆగిపోవడం నా తప్పు.

రెండోది బయట మైదానంలో, నిలబడి చూసే షో. టికెట్ మీద ఉన్న టైం గేట్లు తెరిచే టైం అని, గాయకుడు వచ్చే టైం కాదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ గేట్లు కూడా గంట ఆలస్యంగా తెరిచారు. క్యూ, మళ్లీ బ్యాగుల తనిఖీ, నా బ్యాగు కొలతకి మించిందని ఇంకో క్యూ. టాయిలెట్ల గురించి రాయను, ఊహించుకోండి. వీటన్నిటికీ తిట్టుకున్నాను గానీ భయం వేసింది మాత్రం జనం ఒత్తిడికి. వేదికకి దగ్గరగా వెళ్దామని దూరాం. మూడో పాటకి నా చేతులు ఛాతీ ముందు ముడుచుకుని ఉండిపోయాయి, కిందికి దించడానికి జాగా లేదు. నేను కదలకపోయినా నా కాళ్లు కదులుతున్నాయి. జనం రద్దీ మీద జాన్ ఫ్రూయిన్ అనే నిపుణుడు 1993లో రాసినదాని ప్రకారం చదరపు మీటరుకి ఏడుగురు దాకా చేరితే గుంపు ద్రవంలా ప్రవర్తిస్తుంది, అందులో ఒక్కో మనిషికి తన కదలిక మీద పట్టు ఉండదు. అది చదివాక ఆ మూడో పాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. అలాంటప్పుడు ఎదురు తోయకుండా, జనం అల వెనక్కి వచ్చినప్పుడల్లా రెండు అడుగులు ఏటవాలుగా పక్కకి జరుగుతూ అంచుకి వచ్చేయాలి. మేము అలాగే వచ్చాం. ఇంతా చేసి ఆ రాత్రి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, ప్రాణాలతో బయటపడ్డామనే సంతోషంలో.

ఇంటికొచ్చాక చెవుల్లో రెండు రోజులు కీచుమని మోత. మేము నిలబడ్డది వేదికకి సరిగ్గా నడిమధ్య గీత మీద. బేస్ స్పీకర్లని వేదికకి రెండు పక్కలా పెడితే ఆ రెండు వైపుల శబ్దం ఒకేసారి వచ్చి కలిసే చోటు అదేనట, అందుకే గుండె అదిరిపోయింది. నాలుగడుగులు పక్కకి జరిగితే ఇదే బేస్ బాగా తగ్గిపోయే చోట్లు కూడా ఉంటాయని బావ చెప్పాడు. ఇక మోత సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకి ఒక ప్రమాణం ప్రకటించింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు, ప్రేక్షకులకి ఇయర్ ప్లగ్స్ అందుబాటులో ఉంచాలి, చెవులకి కాసేపు విశ్రాంతినిచ్చే ప్రశాంతమైన చోటు ఉండాలి అని. అది సిఫార్సు మాత్రమే, అమలు చేయడం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నేనైతే అప్పటినుంచి పర్సులో ఇయర్ ప్లగ్స్ పెట్టుకునే బయల్దేరుతున్నాను. పెట్టుకుంటే పాట పాడైపోతుందని అనుకునేదాన్ని. సంగీతం కోసమే చేసినవి దొరుకుతాయి, వాటితో అన్ని శబ్దాలూ సమంగా తగ్గుతాయి, మాట ఇంకా స్పష్టంగా ఉంటుంది.

అక్కడే ఇంకోటి కూడా నేర్చుకున్నాను. అంచుకి వచ్చి వెనక్కి నడుస్తూ పోతే సౌండ్ మిక్సర్ టేబుల్ ఉన్న గుడారం దగ్గర పాట ఒక్కసారిగా విచ్చుకుంది. అందులో వింత ఏం లేదు, ఆపరేటర్ తన చెవికి బాగున్నట్టు మీటలు జరుపుతాడు, ఆయన చెవులు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఏ షోకి సీటు కొనాలన్నా ముందు మిక్సర్ ఎక్కడ పెడతారో కనుక్కుంటాను, దానికి రెండు మూడు వరుసలు ముందు దొరికితే అదే నాకు మొదటి వరుస. అన్నట్టు, మొదటి రెండు పాటలకే సౌండ్ బాగోలేదని లేచి వెళ్లకండి. రిహార్సల్ ఖాళీ హాల్లో జరుగుతుంది, జనం నిండాక మన ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి, మళ్లీ సర్దుకోవడానికి వాళ్లకి కాస్త టైం కావాలి. మూడో పాటకీ అలాగే ఉంటే అప్పుడు లేవండి.

మూడోసారి లేచాను. అక్కతో వెళ్లిన షో అది. మా వరుస ముందు కెమెరా కోసం నడుమెత్తు చెక్క దిమ్మ కట్టారు, టికెట్లు అమ్మిన తర్వాత. దాని మీద కెమెరా, దాని వెనక నిలబడ్డ మనిషి. అక్క "పోనీలేవే, స్క్రీన్ మీద చూద్దాం" అంది. నేను సీట్లో కూర్చున్న ఎత్తు నుంచే ఫోన్‌తో ఒక ఫోటో తీశాను, సీటు నంబరు పడేలా ఇంకోటి. సీట్లు చూపించే అమ్మాయితో వాదించకుండా, ఈ షోకి హౌస్ మేనేజర్ ఎవరో చూపించమని అడిగాను. హాలు నడిపే బాధ్యత ఆ మనిషిది. ఆయన వచ్చాక డబ్బు మాట ఎత్తలేదు. "ఇక్కడినుంచి వేదిక కనిపించడం లేదు, ఫోటో ఇదిగో. కనిపించే చోటికి మార్చగలరా?" అని మాత్రమే అన్నాను. రెండో పాట అయ్యేలోపు మేము పక్క బ్లాకులో ఉన్నాం, పాత సీట్లకంటే మంచివి.

అదృష్టం అంది అక్క. అదృష్టం అంతగా లేదు దాంట్లో. చాలా హాళ్లలో కొన్ని సీట్లు అమ్మకుండా చివరిదాకా అట్టేపెడతారు, అతిథుల కోసమో, ఇలాంటి ఇబ్బంది వస్తే సర్దడానికో. అవి షో మొదలైన కాసేపటిదాకా ఆ మేనేజర్ చేతిలో ఉంటాయి. డబ్బు ఇవ్వడం ఆయన చేతిలో లేదు, సీటు మార్చడం ఉంది. ఇవ్వగలిగింది అడిగితే మనిషి కూడా తేలిగ్గా కదులుతాడు.

ఇప్పుడు మీ డబ్బు. మిమ్మల్ని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి తిప్పడానికి కారణం, అక్కడ నిజంగానే ముగ్గురున్నారు. హాలు ఒకరిది, షో ఇంకొకరిది, టికెట్ అమ్మిన సైట్ మధ్యవర్తి. సాధారణంగా టికెట్ డబ్బు నిర్వాహకులదే, బుకింగ్ ఫీజు సైట్‌ది. షో రద్దయితే వాపసు అడగడం తేలిక. వాయిదా పడినా చాలాచోట్ల అడగొచ్చు. ఆలస్యం, ముఖ్య గాయకుడికంటే ముందు పాడాల్సినవాళ్లు మారిపోవడం లాంటివి నిబంధనల్లో చిన్న అక్షరాల్లో ముందే రాసుకుని ఉంటారు, వాటి మీద పోరాడటం దండగ. సౌండ్ బాగోలేదు అన్నా కష్టమే, మాకు బాగుంది అంటారు, అంతటితో ఆగిపోతుంది. మీ చేతిలో బలంగా ఉన్నది స్తంభం. చూపు అడ్డుకునే సీటుని ఆ మాట చెప్పకుండా పూర్తి ధరకి అమ్మారు, దీనికి అభిప్రాయంతో పనిలేదు.

కాబట్టి మెయిల్లో మీ ఆవేదన అంతా రాయకండి. నేను మొదటిసారి ఒకటిన్నర పేజీ రాశాను, నాన్న పుట్టినరోజుతో సహా. ఎవరూ చదివి ఉండరు. తేదీ, వరుస, సీటు నంబరు, ఏ భాగం కనిపించలేదు, కొనేటప్పుడు పేజీలో ఆ సంగతి లేదు, ధరలో ఇంత తేడా వెనక్కి ఇవ్వండి, ఇన్ని రోజుల్లో జవాబు కావాలి. ఐదారు లైన్లు చాలు. ముగ్గురికీ ఒకే మెయిల్ పంపండి, ఒకరి పేరు ఒకరికి కనిపించేలా. అప్పుడు నా పని కాదు అనడం కొంచెం ఇబ్బందవుతుంది. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు ద్వారా వివాదం వేసే దారి కూడా ఉంది, దానికి గడువు ఉంటుంది కాబట్టి ముందు ఆ తేదీ కనుక్కోండి. షో జరగనే జరగకపోతే అది బాగా పనిచేస్తుంది, మీలాంటి విషయంలో అంత నమ్మకం పెట్టుకోలేం. మొత్తం వస్తుందని ఆశ పెట్టను. కొంత భాగమో, ఇంకో షోకి టికెట్లో ఇస్తామంటే తీసేసుకోండి.

ఫోటో తీయలేదని ఆగకండి. బుకింగ్ పేజీలో ఆ సీటు నొక్కితే ఏం కనిపిస్తుందో ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మీ ఫిర్యాదు తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు.

పోయిన నెల నాన్నకి మళ్లీ టికెట్లు తీశాను, వేరే హాలు. ఈసారి కట్టేముందు ఫోన్ చేసి, ఫలానా వరుస, ఫలానా సీటు, అక్కడ కూర్చుంటే వేదిక మొత్తం కనిపిస్తుందా అని అడిగాను. అవతల అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "రెండు సీట్లు కుడివైపుకి తీసుకోండి మేడమ్" అంది.